40 పౌండ్ల విల్లుతో వేటకి చెక్క బాణాలా, కార్బన్ బాణాలా?

కిన్నెర
అందరికీ నమస్కారం. నాది 58 అంగుళాల రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు). 28 అంగుళాల దాకా లాగితే 40 పౌండ్లు అని దాని మీద రాసి ఉంది, నేను లాగేది మాత్రం 27 దాకానే. ఇప్పటిదాకా టార్గెట్ మీద 1816 సైజు అల్యూమినియం బాణాలతో ప్రాక్టీసు చేశాను. వచ్చే సీజన్‌కి జింక వేటకి లైసెన్సు తీసుకుంటున్నాను. ఇంతకంటే బరువైన విల్లు పట్టే ఉద్దేశం లేదు, భుజం ఒప్పుకోదు.

మనసంతా చెక్క బాణాల మీదే ఉంది. కానీ ఎవరినడిగినా "తేలిక విల్లు కదా, కార్బన్ తీసుకో" అని తేల్చేస్తున్నారు. ఎందుకని అడిగితే సరైన జవాబు రాదు. తేలిక విల్లుకి చెక్క నిజంగా పనికిరాదా? 15 గజాలు దాటి బాణం వదలను, అది ముందే నిర్ణయించుకున్నాను.

తూనికరాయి
కిన్నెర గారూ, ముందు విల్లుని స్కేలుకి తగిలించి మీ 27 అంగుళాల దగ్గర ఎంత చూపిస్తుందో చూడండి. అంగుళానికి రెండు మూడు పౌండ్ల తేడా ఉంటుంది. కాబట్టి మీరు 40 అనుకుంటున్నది బహుశా 37, 38. బాణం లెక్కంతా ఆ అంకె మీద నడవాలి, విల్లు మీద రాసిన అంకె మీద కాదు.

ఇక బరువు. సంప్రదాయ విల్లుకి పౌండుకి 10 గ్రెయిన్లు అనేది అందరూ చెప్పే లెక్క. మీకు అది 375 గ్రెయిన్లు అవుతుంది (ఒక గ్రాము అంటే 15.43 గ్రెయిన్లు). టార్గెట్‌కి అది చాలు. వేటకైతే తేలిక విల్లువాళ్లు పౌండుకి 12 నుంచి 14 దాకా వెళ్లాలని నా అభిప్రాయం, అంటే 450 నుంచి 525. విల్లు దాచుకున్న శక్తిలో ఎక్కువ భాగాన్ని బరువైన బాణమే తీసుకెళ్తుంది, చప్పుడు కూడా తగ్గుతుంది. పౌండుకి 8 కంటే కిందకి దిగితే మాత్రం మిగిలిపోయిన శక్తి లింబ్‌లనే, అంటే విల్లు వంగే రెండు భాగాలనే కుదిపేస్తుంది.

ఈ బరువు చెక్కతోనూ వస్తుంది, కార్బన్‌తోనూ వస్తుంది. తేడా ఎక్కడంటే, చెక్కలో బరువు బాణం పొడవునా పరుచుకుని ఉంటుంది. కార్బన్‌లో షాఫ్ట్ (బాణం కర్ర) తేలిక కాబట్టి ఆ బరువుని ముందు భాగంలో పెట్టుకోవచ్చు. నా ఓటు కార్బన్‌కే.

దేవదారు
తూనికరాయి గారు ఎప్పటిలాగే తక్కెడ పట్టుకుని వచ్చేశారు :)

కిన్నెర గారూ, చెక్క పనికిరాదు అన్నవాళ్లలో చాలామంది మంచి చెక్క బాణం వేసి చూసినవాళ్లు కాదు. డబ్బాలో కలగాపులగంగా పడేసిన డోవెల్ కర్రలు కొనుక్కుని, ఒకటి అటూ ఒకటి ఇటూ పోతే నేరం చెక్క మీద వేస్తారు. స్పైన్ (కర్ర గట్టిదనం కొలత) 5 పౌండ్ల లోపు, బరువు 10 గ్రెయిన్ల లోపు కలిసేలా ఏరిన డజను వాడితే, 15 గజాల్లో తేడా బాణంలో కాదు, మన వేళ్లలో ఉంటుంది.

ఏ చెక్క అంటే, పేరున్నది పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్. తిన్నగా ఉంటుంది, స్ప్రింగులా తేరుకుంటుంది, విరిగినా మంచి వాసన వేస్తుంది. అమెరికాలో ఆరెగాన్ నైరుతి మూల, కాలిఫోర్నియా వాయవ్య మూల తప్ప ఆ చెట్టు సహజంగా ఎక్కడా పెరగదు. దానికి తోడు వేరుకుళ్లు తెగులు. అందుకే ఈ రోజుల్లో మేలురకం షాఫ్ట్‌లు దొరకడం కష్టం. సిట్కా స్ప్రూస్ బరువుకి మించిన గట్టిది. మీ పనికి నేను చెప్పేది డగ్లస్ ఫర్. సెడార్ కంటే బరువు, దెబ్బకి ఆగుతుంది. హికరీ, యాష్ ఇంకా మొండివి కానీ వాటిని తిన్నగా ఉంచడమే ఒక ఉద్యోగం.

11/32 అంగుళం డగ్లస్ ఫర్ షాఫ్ట్, 29 అంగుళాల పొడవు, 160 గ్రెయిన్ల మొన. పూర్తయ్యేసరికి 500 దగ్గర తూగుతుంది. మీరడిగిన బరువు వచ్చేసింది కదా తూనికరాయి గారూ?

తూనికరాయి
వచ్చింది, కాదనను. ఇప్పుడు ఆ 500 గ్రెయిన్ల బాణం ఎక్కడ నిలబడి తూగుతుందో చూద్దాం. షాఫ్ట్ 320, మొన 160, ఈకలూ నాక్ (వెనక నారి పట్టే గాడి ముక్క) కలిపి 20 అనుకుంటే, తూకం మధ్య నుంచి 4 అంగుళాలు ముందుకి వస్తుంది. పొడవులో 14 శాతం.

అదే 29 అంగుళాల కార్బన్ తీసుకోండి. అంగుళానికి 8.5 గ్రెయిన్ల షాఫ్ట్, 100 గ్రెయిన్ల ఇత్తడి ఇన్సర్ట్ (మొన బిగించడానికి షాఫ్ట్ లోపల పెట్టే ముక్క), 175 మొన, ఈకలూ నాక్ మామూలే. మొత్తం 540. ముందు తూకం దాదాపు 24 శాతం. బరువులో పెద్ద తేడా లేదు, కానీ ఈ బాణాన్ని ముందు నుంచి ఎవరో లాక్కెళ్తున్నట్టు పోతుంది, వెనక నుంచి నెట్టినట్టు కాదు. తాకినప్పుడు వెనక తోక పక్కకి ఊగదు. తేలిక విల్లుకి అసలే శక్తి తక్కువ, అందులో కొంత ఊగిసలాటకి పోతే ఇక లోపలికి దిగడానికి ఏం మిగులుతుంది?

పైగా లావు. 11/32 అంటే 0.344 అంగుళం. మామూలు వేట కార్బన్ 0.30 చుట్టుపక్కల ఉంటుంది. మొన చేసిన కన్నం కంటే వెనక వచ్చే షాఫ్ట్ సన్నగా ఉంటే రాపిడి తగ్గుతుంది.

మోడరేటర్
చర్చ బాగుంది, కొనసాగించండి. రెండు గుర్తుచేస్తాను. ఇక్కడ మాట్లాడే వేట అంతా చట్టం ఒప్పుకున్న చోట, లైసెన్సుతో, సీజన్‌లో చేసేదే. రెండోది, చాలాచోట్ల జింకకి కనీస డ్రా వెయిట్ (విల్లు లాగడానికి పట్టే బలం) నిబంధన ఉంటుంది, కొన్నిచోట్ల 35, కొన్నిచోట్ల 40 పౌండ్లు. దాన్ని 28 అంగుళాల దగ్గర కొలుస్తారా, మనం లాగిన చోట కొలుస్తారా అనేది కూడా చోటుని బట్టి మారుతుంది. కిన్నెర గారి విల్లు సరిగ్గా ఆ గీత మీద ఉంది. బాణాలు కొనేముందు ఆ నిబంధన చదవండి.

కిన్నెర
చదివాను. మా దగ్గర 35, అదీ వేటగాడు లాగిన చోట కొలిచి. స్కేలు మీద నాది 37.5 వచ్చింది. గట్టెక్కాను.

తూనికరాయి గారూ, ముందు తూకం గురించి అందరూ చెప్తుంటారు కానీ 24 శాతం నిజంగా అవసరమా? లేక 14తో పని అయిపోతుందా?

అడవిదారి
ఈ ప్రశ్న వస్తే యాష్‌బీ పేరు రాకుండా ఉండదు కాబట్టి నేనే తెస్తాను. డాక్టర్ ఎడ్ యాష్‌బీ బాణాలు ఎంత లోతుకి దిగుతాయన్న దాని మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేశారు, గేదెల్లాంటి పెద్ద జంతువుల మీద కూడా. ఆయన చెప్పినదాంట్లో జనానికి గుర్తున్నవి రెండే: 650 గ్రెయిన్లు, ముందు తూకం. ఆయన వేసిన వరసలో మొదటిది అసలు అవి కావు. మొదటిది బాణం ఎక్కడా విరగకుండా, వంగకుండా ఉండటం. రెండోది తిన్నగా ఎగరడం. ముందు తూకం వాటి తర్వాతే.

650 అనేది బరువైన ఎముకని చీల్చడానికి చెప్పిన అంకె. 37 పౌండ్ల విల్లుతో 650 వేస్తే పౌండుకి 17 దాటుతుంది, బాణం గోడ మీద నుంచి రాయి విసిరినట్టు పోతుంది. జింక పక్కటెముకల మధ్య నుంచి పోవడానికి అంత అక్కర్లేదు.

నిదానం
అడవిదారి మాటకి అంకెలు జోడిస్తాను. వేగాలు ఊహించుకున్నవి, మీ విల్లుకి క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) పెడితే కొంచెం అటూఇటూ కావచ్చు.

375 గ్రెయిన్ల బాణం సెకనుకి 165 అడుగులు, 540 గ్రెయిన్లది 145 అడుగులు పోతుందనుకుందాం. గాలి రాపిడి వదిలేస్తే శక్తి 22.7 నుంచి 25.2 అడుగు-పౌండ్లకి పెరిగింది, 11 శాతం. ఊపు అంటే మొమెంటం మాత్రం 26 శాతం పెరిగింది. లోపలికి దిగడానికి పనికొచ్చేది ఎక్కువగా ఆ ఊపే.

ఇప్పుడు దానికి కట్టే మూల్యం. 15 గజాల దగ్గరికి చేరేసరికి తేలిక బాణం 14 అంగుళాలు కిందకి జారితే, బరువుది 18న్నర. తేడా 4 అంగుళాలు, అలవాటైపోతుంది. 20 గజాల దగ్గర ఏడున్నర. 25 దగ్గర దాదాపు 12 అంగుళాలు, అంటే దూరం కొంచెం తప్పుగా అంచనా వేసినా గాయపరిచి వదిలేసే ప్రమాదం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. కిన్నెర గారు 15 అన్నారు కాబట్టి 500, 540 ఏదైనా సరే. 25 గజాలు వేస్తానన్నవాళ్లకి నేను ఈ సలహా ఇవ్వను. నిజానికి ఆ విల్లుతో 25 గజాలే వద్దంటాను.

ఈకలరావు
ఇంతసేపూ చెక్కా కార్బనూ అని కొట్టుకుంటున్నారు, ఆ అమ్మాయి చేతిలో ఉన్న అల్యూమినియం ఏం పాపం చేసింది? 1816 అంటే 18/64 అంగుళం లావు, 0.016 అంగుళం గోడ మందం. బరువు ఉంది, తిన్నగా ఉంది, డజనుకి డజనూ ఒకేలా ఉంటాయి. బరువైన మొన ఒకటి తగిలించి ట్యూన్ చేసుకుంటే వేటకి వెళ్లిపోవచ్చు. ఒకసారి చెట్టుకి తగిలి వంగితే దాన్ని పక్కన పడేయాలి, అంతే కదా నష్టం.

కిన్నెర
ఈకలరావు బాబాయ్, నిజమే కానీ ఇనుప గొట్టం పట్టుకున్నట్టుంటుంది. ఇష్టం కూడా ఒక కారణమే కదా :)

మల్లిక్_విల్లులు
ఇష్టం పెద్ద కారణమే. నేను విల్లులు చేస్తాను, నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఇష్టం కొద్దీ వస్తారు, మిగతా సగం మంది ఇష్టం పోగొట్టుకుని వస్తారు. ఆ రెండో రకం వాళ్ల బాధ దాదాపు ఎప్పుడూ స్పైనే. అందుకని దాని గురించి కొంచెం వివరంగా.

చెక్క స్పైనూ కార్బన్ స్పైనూ ఒకే కొలత కాదు. చెక్కని 26 అంగుళాల ఎడం మీద ఉంచి 2 పౌండ్ల బరువు వేలాడదీస్తారు. అది ఎంత వంగిందో చూసి, 26ని దానితో భాగిస్తే పౌండ్లలో స్పైన్. కార్బన్‌ని 28 అంగుళాల ఎడం మీద 1.94 పౌండ్లతో కొలుస్తారు, వంపుని అంగుళంలో వెయ్యో వంతుల్లో రాస్తారు. 500 అంటే అర అంగుళం వంగింది. కార్బన్‌లో అంకె పెరిగితే మెత్తన, చెక్కలో అంకె పెరిగితే గట్టి. లెక్క కడితే 600 కార్బన్ చెక్కలో సుమారు 52 పౌండ్లు, 500 కార్బన్ సుమారు 63.

విల్లు కూడా చూడాలి. రికర్వ్‌లో షెల్ఫ్ (విల్లు మీద బాణం ఆనే చోటు) మధ్య గీత దాకా, కొన్నిట్లో దాన్ని దాటి కోసి ఉంటుంది. అలాంటి విల్లు గట్టి బాణాన్ని కూడా భరిస్తుంది. మధ్యకి కోయని లాంగ్‌బో అయితే బాణం విల్లు చుట్టూ ఎక్కువగా వంగి పోవాలి కాబట్టి మెత్తటిదే కావాలి. నారి కొంచెం సాగే డాక్రాన్ దారమైతే మెత్తన వైపు, సాగని కొత్తరకం దారమైతే గట్టి వైపు జరగాలి. పాత చెక్క విల్లులకి ఆ సాగని దారం వేయకండి, కొసలు తెగుతాయి.

కిన్నెర గారి విల్లుకి చెక్కలో 45-50 పౌండ్ల షాఫ్ట్‌తో, 160 మొనతో మొదలుపెడతాను. కార్బన్ అయితే 500, 600 రెండూ రెండేసి తెప్పించుకుని, పొడవు కోయకుండా, మొనలు మార్చి చూస్తాను. ఒకసారి కోస్తే మళ్లీ అతకదు.

దేవదారు
మల్లిక్ గారూ, ఇంకో మాట చెప్పండి. చెక్క షాఫ్ట్‌కి వెనక 9, 10 అంగుళాలు 11/32 నుంచి 5/16కి సన్నగా చెక్కించుకుంటే? తోక తేలికవుతుంది, షెల్ఫ్‌ని తప్పించుకుని పోతుంది, ముందు తూకం కొంచెం పెరుగుతుంది. ముందు వైపు గట్టి చెక్క ముక్క అతికించిన షాఫ్ట్‌లు కూడా ఉన్నాయి. అక్కడ విరగడం తగ్గుతుంది, బరువూ ముందుకి వస్తుంది. ముందు తూకాన్ని కార్బన్‌వాళ్లు కనిపెట్టలేదు. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన ఓట్జీ దగ్గర ఉన్న 14 బాణపు కర్రల్లో పూర్తయినవి రెండే, అందులో ఒకదానికి ముందు వేరే గట్టి చెక్క అతికి ఉంది. 5,000 ఏళ్ల కిందటి మనిషి.

మల్లిక్_విల్లులు
సన్నం చేయించడం మంచిదే, నేనైతే తప్పకుండా చేయిస్తాను. గట్టి చెక్క అతికినవి అందంగా ఉంటాయి, కానీ మొదటి సీజన్‌కే వాటితో వెళ్లి రాళ్లలో పోగొట్టుకుంటే మనసు విరుగుతుంది.

ఈకలరావు
వెదురుని ఎవరూ తలవలేదేం? టాంకిన్ వెదురు సహజంగానే ఒకవైపు సన్నం, బరువు, చితకదు. కణుపులు అరగదీసి తిన్నగా చేసుకునే ఓపిక ఉండాలి. ఓపిక లేనివాళ్ల కోసమే కార్బన్ పుట్టింది.

కిన్నెర
ఓపిక గురించి మళ్లీ మాట్లాడదాం బాబాయ్ :) నాకున్న అసలు భయం వేరే. చెక్క బాణం చేతిలో విరిగితే? కార్బన్ పగిలి చేతిలో దిగిందని ఒక ఫోటో చూశాను, అప్పటి నుంచి అదే కళ్ల ముందు ఉంది.

నిదానం
రెండూ జరుగుతాయి, రెండిటికీ కారణం ఒకటే. దెబ్బ తిన్న బాణాన్ని చూడకుండా మళ్లీ నారికి తగిలించడం. బాణాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా వంచి, తిప్పుతూ వంచి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. కార్బన్ అయితే చిటచిట శబ్దం వచ్చినా, ఎక్కడైనా పొర లేచినా, చుట్టూ వేలితో తడిమితే గరుకు తగిలినా విరిచి పారేయండి. దాచుకోవద్దు, ఎవరో ఒకరు తీసి వేస్తారు. రాయికి తగిలినవీ, ఇంకో బాణం వచ్చి గుద్దినవీ ముందు అనుమానించాలి.

కార్బన్‌లో ఇంకో చిక్కుంది, దాన్ని కార్బన్ ఇష్టపడేవాళ్లు తక్కువ మాట్లాడతారు. జంతువు లోపల విరిగితే సన్నటి పోగులు మాంసంలో మిగులుతాయి. ఆ చుట్టుపక్కల మాంసాన్ని ధారాళంగా కోసి పారేయాల్సిందే. చెక్క పేడు కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది.

దేవదారు
చెక్కకి నేను చెప్తాను. షాఫ్ట్ మీద చెక్క పోగుల గీతలు చూడండి. పొడవునా తిన్నగా పోతే మంచిది. మధ్యలో పక్కకి జారి బయటికి వచ్చేస్తే అక్కడ కోసుల్లా కనిపిస్తాయి, విరిగితే అక్కడే చీలుతుంది. బాగా జారిన షాఫ్ట్‌ని వేటకి వద్దు. కొంచెం ఉంటే నాక్ అంటించేటప్పుడు, పైవైపు కోసులు మొన వైపు చూసేలా తిప్పి పెట్టండి. అప్పుడు ఒకవేళ విరిగినా పేడు చేతి మీదుగా పోతుంది, చేతిలోకి రాదు. అలాగే నారి పట్టే గాడి గీతలకి అడ్డంగా ఉండాలి, షాఫ్ట్ గట్టి వైపు విల్లుకి ఆనుతుంది. ఇవి రెండూ చూడని బాణాలు ఎంత అందంగా రంగులు వేసినా కొనకండి.

తడి కూడా చూసుకోవాలి. పాలీయూరిథేన్ పూత రెండు మూడుసార్లు వేస్తే చాలావరకు ఆగుతుంది. మొన దిగే సన్నటి చివర, నాక్ కింద కూడా పూత పట్టాలి, నీళ్లు అక్కడి నుంచే ఎక్కుతాయి. వేటకి వెళ్లే ముందు రోజు ఒక్కో బాణాన్ని చేతిలో తిప్పి చూడండి. కొంచెం వంగితే అరచేతి రాపిడితో వేడెక్కించి తిన్నగా నొక్కేయొచ్చు. కార్బన్ వంగదు, నిజమే. పగిలితే బాగుచేయడమూ ఉండదు.

అడవిదారి
ఇంత మాట్లాడుకున్నాం, మొన గురించి ఎవరూ చెప్పలేదు. తేలిక విల్లుతో జింకని పడేసేది షాఫ్ట్ కాదు, బ్రాడ్‌హెడ్, అంటే కోసే రెక్కలున్న వేట మొన. నా వరకు చెక్కా కార్బనా అన్న ప్రశ్న దీని తర్వాతే వస్తుంది.

రెండు రెక్కలది, తాకగానే కోయడం మొదలుపెట్టేది, పొడవు ఎక్కువ వెడల్పు తక్కువ ఉన్నది తీసుకోండి. వెడల్పుకి మూడింతలు పొడవు ఉంటే మేలు. తాకాక తెరుచుకునే మెకానికల్ మొనల జోలికి వెళ్లొద్దు, తెరవడానికే కొంత ఊపు తినేస్తాయి. వెడల్పైన మూడు రెక్కలవి 60 పౌండ్లవాళ్లకి వదిలేయండి. అయితే కొన్నిచోట్ల కోత వెడల్పు కనీసం 7/8 అంగుళం ఉండాలనే నిబంధన ఉంటుంది, అదీ చూసుకోండి.

పదును. కొత్త డబ్బాలోంచి తీసింది పదునుగా ఉందని నమ్మకండి. సానబెట్టి, తోలు మీద రుద్ది, ముంజేతి వెంట్రుకలు తేలిగ్గా గొరిగేలా చేయండి. అమ్ములపొదిలో ఒకదానికొకటి రాసుకుంటే ఆ పదును ఒక గంట నడకలో పోతుంది, మొనలు విడివిడిగా నిలిచే పొది వాడండి.

చెక్కకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. మొనని వేడిచేసిన జిగురుతో 5 డిగ్రీల సన్నటి చివర మీదకి నేరుగా ఎక్కిస్తాం, మధ్యలో ఇన్సర్ట్ లేదు, అడాప్టర్ లేదు. మొన ఊగుతోందా అని బాణాన్ని తిప్పి చూసి, జిగురు చల్లారేలోపు సరిచేయొచ్చు. కార్బన్‌లో మొనా ఇన్సర్టూ రెండూ తిన్నగా కుదరాలి. పైగా ఇన్సర్ట్ తీయాలంటే షాఫ్ట్‌కి నేరుగా మంట చూపకూడదు, లోపలి రెసిన్ దెబ్బతింటుంది. మామూలు మొన బిగించి, ఆ మొనని మాత్రమే వేడి చేసి లాగాలి.

తూనికరాయి
ఇది మంచి పాయింట్, ఒప్పుకుంటున్నాను. దానికి కలిపి: ఏ షాఫ్ట్ అయినా 14 శాతం తూకంతో తిన్నగా ఎగిరే బాణం, 24 శాతం తూకంతో ఊగుతూ పోయే బాణం కంటే లోతుకి దిగుతుంది. నేను కార్బన్ అంటున్నది సులువు కోసం. 25 గ్రెయిన్లు పెంచి తగ్గించి ట్యూన్ చేయడం మొన స్క్రూ తిప్పినంత పని. చెక్కకి ప్రతిసారీ జిగురు వేడిచేయాలి.

కిన్నెర
ట్యూనింగ్ ఎలా చేస్తారో చెప్పండి. ఈకలు లేని బాణం వేసి చూడమంటారు కదా? నాది కుడిచేతి వాటం.

మల్లిక్_విల్లులు
10 గజాల నుంచి ఈకలున్నవి మూడు, లేనివి రెండు వేయండి. గుచ్చుకున్న కోణం కంటే ఎక్కడ పడ్డాయన్నది చూడండి. కుడిచేతి వాటానికి, ఈకలు లేనిది ఎడమకి పడితే బాణం గట్టి, కుడికి పడితే మెత్తన. పైకీ కిందకీ తేడా ఉంటే అది నారి మీద నాక్ పట్టే చోటు సమస్య, ముందు దాన్ని సరిచేసుకున్నాకే ఎడమ కుడి చూడాలి.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. బాణం మరీ మెత్తనైతే వెనక భాగం విల్లుకి కొట్టుకుని ఎడమకి తన్నుకుపోతుంది. చూసినవాళ్లు గట్టిదనుకుని మొన బరువు ఇంకా పెంచుతారు, అది ఇంకా మెత్తబడుతుంది. పట్టుకునే మార్గం ఏంటంటే, 25 గ్రెయిన్లు పెంచి చూడండి. నిజంగా గట్టిదైతే ఈకలు లేనిది ఈకలున్న వాటి వైపు జరగాలి. జరగకపోగా ఇంకా దూరం పోతే, మీ బాణం మెత్తన. షెల్ఫ్ పక్కన రాపిడి మరక, వదిలినప్పుడు టక్కుమనే చప్పుడు కూడా ఇదే చెప్తాయి. తేలిక విల్లుకి ముందు 275 గ్రెయిన్లు తగిలించేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి.

ఈకలు లేని చెక్క బాణాన్ని మెత్తటి టార్గెట్ మీదే వేయండి, పక్కకి గుచ్చుకుంటే విరుగుతుంది. చివర్లో బ్రాడ్‌హెడ్‌తో, మామూలు మొనతో కలిపి వేసి చూడండి. రెండూ ఒకే చోట పడే దాకా అడవికి వెళ్లొద్దు. ఈకలు 5 అంగుళాలవి మూడు పెట్టుకోండి, తేలిక విల్లుకి బ్రాడ్‌హెడ్‌ని అదుపు చేయడానికి అవి కావాలి. షెల్ఫ్ మీద నుంచి వేసేటప్పుడు ప్లాస్టిక్ రెక్కలు వద్దు.

కిన్నెర
అందరికీ థాంక్స్. మూడు రోజులుగా ఇదే చదువుతున్నాను. నా నిర్ణయం: ఈ సీజన్‌కి డగ్లస్ ఫర్, 45-50 స్పైన్, వెనక సన్నం చేసినవి, 160 గ్రెయిన్ల రెండు రెక్కల మొన. సీజన్‌కి మూడు వారాల ముందు నాటికి బ్రాడ్‌హెడ్‌లు ఒకే చోట పడకపోతే పంతానికి పోను. పక్కన కార్బన్ టెస్ట్ షాఫ్ట్‌లు నాలుగు తెప్పించి ఉంచుతున్నాను, 500 రెండు, 600 రెండు. తూనికరాయి గారు గెలిచారో దేవదారు గారు గెలిచారో టార్గెట్ చెప్తుంది.

ఒకటే సందేహం మిగిలింది. రెండు రకాలూ కలిపి పొదిలో పెట్టుకోవచ్చా, చెక్కవి నాలుగు, కార్బన్‌వి రెండు?

తూనికరాయి
వద్దు. 500, 540 వేరే చోట్ల పడతాయి, జింక ఎదురుగా ఉన్నప్పుడు ఏది చేతికి వచ్చిందో చూసుకోరు. ఒక రకమే మోయండి.

దేవదారు
దీంట్లో మాత్రం ఆయనతో గొడవ లేదు. షాఫ్ట్‌లు వచ్చాక డజనూ తూచి ఇక్కడ పెట్టండి, ఏవి పక్కన పెట్టాలో చూద్దాం.